జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు: పాత కారు కింద దూరే ముందు ఈ ఎపిసోడ్ చూడండి

ఈ రోజు ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, కొత్త యాప్ లేదు. నా వెనక కనిపిస్తోంది చూశారా, తెల్ల అంబాసిడర్? మా తాతయ్య కారు. 1984 మోడల్, మార్క్ 4. తాతయ్య పోయాక చాలా ఏళ్ళు షెడ్డులోనే ఉంది. జాబ్ మానేశాక నేను దీన్ని మళ్ళీ రోడ్డు ఎక్కించే పని మొదలుపెట్టాను. మీలో కూడా చాలామందికి ఇంట్లో తాతల నాటి అంబాసిడరో, పద్మినీయో ఉండే ఉంటుంది. యూట్యూబ్ చూసి సొంతంగా రిపేర్ చేద్దామనే ఉత్సాహం కూడా ఉంటుంది. మంచిదే. కాకపోతే ముందు నాకు జరిగింది వినండి.

ఆదివారం పొద్దున. సైలెన్సర్ లొడలొడా కొట్టుకుంటోంది, వెనక వైపు దాన్ని పట్టుకునే రబ్బరు తెగిపోయింది. చిన్న పనే కదా అనుకున్నాను. డిక్కీలో ఉన్న పాత బాటిల్ జాకీ తీశాను. దాని వయసు నాకంటే ఎక్కువ. వెనక కుడివైపు ఎత్తి, కింద అట్టముక్క పరుచుకుని దూరాను. స్టాండ్ లేదు, టైరుకి అడ్డం లేదు, ఏమీ లేదు. పది నిమిషాలు పనిచేశాక అమ్మమ్మ వంటింట్లోంచి పిలిచింది, "ఒరేయ్, పెసరట్టు చల్లారిపోతోంది రా" అని. పానా అక్కడే అట్ట మీద పెట్టి లోపలికి వెళ్ళాను. తిని తిరిగొచ్చి చూస్తే, కారు కిందికి దిగిపోయి ఉంది. టైరు నేలని తాకింది. జాకీ చుట్టూ కొంచెం ఆయిల్. అంతే.

నన్ను బాగా భయపెట్టిన విషయం ఏంటో తెలుసా? శబ్దమే రాలేదు. సినిమాల్లోలాగా ధడేలుమని పడలేదు. మెల్లగా, చప్పుడు లేకుండా దిగింది. వంటిల్లు పక్కనే, ఎవరికీ వినపడలేదు. తర్వాత టేపు పెట్టి కొలిచాను. డిఫరెన్షియల్ గుండుకీ నేలకీ మధ్య 16 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు. నేను వెల్లకిలా పడుకుంటే నా ఛాతీ మందం 22. లెక్క మీరే వేసుకోండి.

సరే, అసలు ఎందుకు దిగింది? ఇది అర్థమైతే మిగతా రూల్స్ అన్నీ వాటంతట అవే గుర్తుంటాయి. హైడ్రాలిక్ జాకీ లోపల కారు బరువుని మోసేది ఇనుము కాదు, ఆయిల్. ఆ ఆయిల్ బయటికి రాకుండా ఆపేది ఒక రబ్బరు సీలు, ఒక చిన్న వాల్వ్. రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, పగులుతుంది. వాల్వ్ దగ్గర చిన్న నలుసు ఇరుక్కున్నా ఆయిల్ వెనక్కి జారుతుంది. అంటే టన్నుకి పైనున్న బండికీ మీ ప్రాణానికీ మధ్య ఉన్నది ఒక రబ్బరు ముక్క. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. సర్వర్‌కైనా బ్యాకప్ పెడతాం, మనకి పెట్టుకోమా?

అందుకే మొదటి రూల్, ఒక్కటే గుర్తుపెట్టుకున్నా ఇదే గుర్తుపెట్టుకోండి. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. మొయ్యాల్సింది స్టాండ్. జాకీ స్టాండ్‌లో ఆయిల్ ఉండదు, సీలు ఉండదు. ఇనుప కడ్డీ, దాన్ని ఆపే పళ్ళు లేదా పిన్ను, అంతే. జతగా కొనండి. ఎంత బరువు మోస్తుందో దాని మీద రాసి ఉంటుంది, చూసి తీసుకోండి.

"స్టాండ్లు ఎందుకు బ్రో, నాలుగు ఇటుకలు పేరుస్తా" అంటారు కొందరు. వద్దు. ఇటుకైనా సిమెంటు దిమ్మైనా గోడలో బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ బరువు మొత్తం సమానంగా పడుతుంది. కారు బరువు ఒక చిన్న ఇనుప అంచు మీదుగా ఒకేచోట దిగుతుంది. ఇనుము అయితే ముందు వంగుతుంది, మనకి కనిపిస్తుంది. ఇటుక వంగదు. ఒక్కసారిగా పగిలిపోతుంది.

ఇప్పుడు నేలకి వద్దాం. మన ఇళ్ళల్లో గ్యారేజ్ అంటే చాలామందికి పోర్టికోనే. వాన నీళ్ళు పోవాలని దానికి కొంచెం వాలు ఇస్తారు. కంటికి తెలియదు, టైరుకి తెలుస్తుంది. ఒక గోళీ పెట్టి చూడండి, ఎటు దొర్లుతుందో కారు కూడా అటే వెళ్ళాలనుకుంటుంది. టైల్స్ ఉంటే స్టాండ్ కాళ్ళ కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వెయ్యండి. మట్టి నేల మీద అయితే అసలు ఈ పని పెట్టుకోవద్దు.

తర్వాత, హ్యాండ్‌బ్రేక్. అంబాసిడర్‌లో హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలనే. ఇంజిన్ తిప్పేది కూడా వెనక చక్రాలనే. మరి వెనక వైపు గాల్లోకి ఎత్తేశారనుకోండి, హ్యాండ్‌బ్రేక్ వేసినా, గేరులో పెట్టినా, ఆపేది ఎవర్ని? గాల్లో ఉన్న చక్రాల్ని! నేల మీదున్న ముందు చక్రాలు మాత్రం ఫ్రీగా దొర్లుతాయి. కాబట్టి వెనక ఎత్తే ముందే రెండు ముందు చక్రాలకీ, ముందూ వెనకా చెక్క దిమ్మలు బిగించి పెట్టాలి. లారీ ఆపగానే క్లీనర్ దిగి టైరు కింద చెక్క పెట్టడం చూసే ఉంటారు. ఆ అలవాటు మనకీ రావాలి.

ఎక్కడ ఎత్తాలి? పాత కార్లతో అసలు తంటా ఇక్కడే. నలభై ఏళ్ళ బండికి అంచుల వెంబడి తుప్పు ఉంటుంది. దాని మీద లప్పం పెట్టి పెయింట్ కొడితే పైకి అద్దంలా మెరుస్తుంది, లోపల అప్పడంలా ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే సరే, డబడబ మంటే అక్కడ జాకీ పెట్టొద్దు. నేను వెనక వైపుకి డిఫరెన్షియల్ మధ్యలో, డ్రెయిన్ ప్లగ్ తగలకుండా, ట్రాలీ జాకీ పెట్టి ఎత్తుతాను. స్టాండ్లు మాత్రం యాక్సిల్ గొట్టం కింద, కమాన్ కట్టలకి దగ్గరగా, రెండు వైపులా ఒకే ఎత్తులో పెడతాను.

ట్రాలీ జాకీ గురించి ఒక మాట. దాని చెయ్యి నిటారుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందుకే ఎత్తేటప్పుడు జాకీ చక్రాలు కొంచెం కదలాలి. టైల్స్ సందులో ఇరుక్కుని అవి కదలకపోతే పైన పట్టు జారుతుంది. పంపు కొడుతూ పైకే కాదు, కింద చక్రాల్ని కూడా చూస్తూ ఉండండి.

స్టాండ్లు పెట్టాక జాకీని మెల్లగా వదలండి, బరువు స్టాండ్ల మీదికి రావాలి. నాలుగు కాళ్ళూ నేలకి ఆనాయా, పిన్ను పూర్తిగా దూరిందా చూడండి. ఇప్పుడు ముఖ్యమైన పరీక్ష. చక్రాలు ఇంకా విప్పకుండా, కింద దూరకుండా, పక్కన నిలబడి బండిని గట్టిగా ఊపండి. పడేదైతే ఇప్పుడే పడనివ్వండి. కింద ఉన్నప్పుడు బిగుసుకుపోయిన బోల్టుని రెండు చేతులతో లాగినప్పుడు పడేకంటే ఇది వెయ్యి రెట్లు మేలు. తర్వాత జాకీని మళ్ళీ తాకేంత వరకు ఎత్తి అలాగే ఉంచండి. స్టెప్నీని బాడీ అంచు కింద అడ్డంగా పడుకోబెట్టండి. అన్నీ ఫెయిలైనా ఆ టైరు మందం మేర ఖాళీ మిగులుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కళ్ళజోడు తప్పనిసరి, తుప్పు నేరుగా కంట్లోకే రాలుతుంది. వెలుతురుకి ఎల్‌ఈడీ లైటే వాడండి, పెట్రోల్ చుక్క వేడి బల్బు మీద పడితే మంటే. షట్టర్ వేసి ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పాత బ్రేకుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

చివరిది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కింద దూరకండి. ఉన్నవాళ్ళకి ముందే చెప్పండి, బండి పడితే మనిషిని పట్టుకుని లాగకూడదు, వాళ్ళు లోపలికి దూరకూడదు. రెండో జాకీ ఎక్కడుందో చూపించండి. దాంతో బండిని పైకెత్తి, 108కి ఫోన్ చెయ్యాలి. ఈ విషయం నేను అమ్మమ్మకి చెప్పడానికి నాకు వారం పట్టింది. విని ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మీ తాతయ్య ఈ కారు ఉంచింది నువ్వు నడపడానికిరా, దాని కింద పడి పోవడానికి కాదు."

ఇప్పుడు నేను కిందికి దూరే ముందు ఆవిడే వచ్చి ఊపుతుంది, రెండు చేతులతో. ఆవిడ సరే అంటేనే నేను లోపలికి.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా పాత కారు, జీపు రిపేర్ చేస్తుంటే ఈ ఒక్క ఎపిసోడ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ సైలెన్సర్ పని పూర్తి చేద్దాం, ఈసారి స్టాండ్ల మీద. అప్పటిదాకా సెలవు, జాగ్రత్త!