ప్లగ్గు విప్పి చూద్దాం
(స్వర్ణోత్సవ ఆత్మీయ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీకు తెలిసిన విషయం ఏదైనా ఓ పావుగంట చెప్పు, నలుగురికీ పనికొచ్చేలా ఉండాలి" అన్నారు నిర్వాహకులు. లోపలికి వస్తూ గేటు పక్కన బారులు తీరిన కార్లు చూశాను. అందుకే కారు స్పార్క్ ప్లగ్గులు ఇంటి దగ్గర మన చేతులతో మనమే మార్చుకోవడం గురించి మాట్లాడతాను. ఇంజనీరింగ్ చదివి ఇంత చిన్న విషయమా అని మాస్టార్లు అనుకోవచ్చు. చిన్నదే గానీ, ఇందులో మనం పోగొట్టుకున్న ఒక అలవాటు ఉంది.

మన నాన్నల కాలం గుర్తు చేసుకోండి. లంకల్లోంచి రావులపాలెం అరటి మార్కెట్టుకు గెలలు మోసుకొచ్చే టి.వి.ఎస్. 50 బళ్లు, ఆఫీసులకూ స్కూళ్లకూ వెళ్లే చేతక్ స్కూటర్లు. అన్నీ టూ స్ట్రోక్ ఇంజన్లే. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయించుకునేవారు. ఆ ఆయిల్ సగం కాలి, సగం కాలక ప్లగ్గు మీద మసిలా పేరుకునేది. బండి ఏ కాలవగట్టు మీదో ఆగిపోయేది. అప్పుడు మనిషి ఏం చేసేవాడు? దిగి, డిక్కీలోంచి ప్లగ్ పానా తీసి, ప్లగ్గు విప్పి, ఎమిరీ కాగితంతో రుద్ది, ఉఫ్ మని ఊది, బిగించి కిక్కు కొట్టేవాడు. రైతు చేసేవాడు, గుమాస్తా చేసేవాడు, మాస్టారూ చేసేవారు. దీనికోసం మెకానిక్కును పిలిస్తే నవ్విపోయేవారు.

ఆ ఇళ్లలో పుట్టిన మనం కార్లు కొనుక్కున్నాక బానెట్ ఎత్తడం మానేశాం. ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనబడుతుంది. ఇది మన పని కాదులే అని దించేస్తాం. ఆ మూత కింద ఉన్నది అదే ప్లగ్గు. నాన్న చేతిలో ఒకటుండేది, మన కారులో మూడో నాలుగో ఉన్నాయి. తేడా అంతే.

హైస్కూల్లో విద్యుదయస్కాంత ప్రేరణ చదివాం. మార్కుల కోసం బొమ్మ కూడా వేశాం. ఆ పాఠం బానెట్ కింద రోజూ పనిచేస్తోంది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ఇగ్నిషన్ కాయిల్లో తక్కువ చుట్లున్న తీగలో ఆ కరెంటు ఠక్కున ఆగగానే, ఎక్కువ చుట్లున్న రెండో తీగలో 20 వేల వోల్టులకు పైగా పుడుతుంది. అది ప్లగ్గు మధ్య కడ్డీలోంచి దిగి, కొసన ఉన్న ఒక మిల్లీమీటరు సందును దూకుతుంది. ఆ దూకుడే నిప్పురవ్వ. చుట్టూ ఉన్న తెల్లటి పింగాణీ ఆ కరెంటును పక్కదారి పట్టనివ్వదు. 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసే గాట్లాబ్ హొనోల్డ్ అనే ఇంజనీరు హై వోల్టేజీ మాగ్నెటోకు ప్లగ్గును జతచేసి దీన్ని నమ్మకమైన పద్ధతిగా మార్చాడు. మన దేశంలో 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అదే మైకో, ఆ ప్లగ్గుల్ని ఇక్కడే తయారుచేసింది. "మైకో ప్లగ్గు ఇవ్వండి" అని నాన్న పంపితే కొట్టుకు వెళ్లినవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు.

ఇక చిన్న లెక్క. లెక్కల మాస్టారు ముందు కూర్చున్నారు కాబట్టి జాగ్రత్తగా చేస్తాను. హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వెళుతున్నాం. ఇంజన్ నిమిషానికి సుమారు 2,000 సార్లు తిరుగుతోంది అనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో రెండు చుట్లకు ఒక రవ్వ. అంటే ప్రతి ప్లగ్గుకూ నిమిషానికి 1,000 రవ్వలు. ఆ నిమిషంలో కారు నడిచేది ఒక కిలోమీటరు. 40,000 కిలోమీటర్లు నడిస్తే ఒక్కో ప్లగ్గు 4 కోట్ల సార్లు నిప్పు పుట్టిస్తుంది. ప్రతి రవ్వా కొస నుంచి కంటికి కనబడనంత లోహాన్ని తినేస్తుంది. సందు పెరుగుతుంది. పెరిగిన సందును దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ భారం కాయిల్ మీద పడుతుంది. వందల్లో దొరికే ప్లగ్గు మార్చకపోతే వేలు పోసి కాయిల్ కొనాల్సి రావచ్చు. రవ్వ పడక కాలకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్లోకి వెళ్లి అక్కడ మండితే అదీ పాడవుతుంది. దాని ఖరీదు మరీ ఎక్కువ.

మామూలు నికెల్ ప్లగ్గులకు చాలా కార్లలో 30 నుంచి 40 వేల కిలోమీటర్లు, ఇరిడియం ప్లగ్గులకు లక్ష దాకా ఆయుష్షు. మీ కారు సంగతి దాని మాన్యువల్లో ఉంటుంది. సి.ఎన్.జి. మీద నడిచే బండిలో రవ్వ పుట్టడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి ప్లగ్గులు ఇంకా త్వరగా అరుగుతాయి. డీజిల్ కారు ఉన్నవాళ్లు ఈ పూటకి విశ్రాంతి తీసుకోవచ్చు, మీ ఇంజన్లో స్పార్క్ ప్లగ్గులు ఉండవు.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను.

ఉదయం పూట, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఇప్పటి ఇంజన్ల తల అల్యూమినియంది. వేడి మీద విప్పితే మరలు పాడయ్యే ప్రమాదం ఉంది. తాళం తీసేయండి. పై మూత తీస్తే ప్రతి ప్లగ్గు మీదా ఒక కాయిల్ కనబడుతుంది. దాని కనెక్టర్ క్లిప్పు నొక్కి లాగండి. చాలా కార్లలో 10 నంబరు పానాతో ఒక బోల్టు విప్పితే కాయిల్ పైకి వచ్చేస్తుంది. అన్నీ ఒకేసారి విప్పకండి. ఒక సిలిండరు పని పూర్తిచేసి రెండోదానికి వెళ్లండి. వైర్లు తారుమారు కావు.

కాయిల్ తీయగానే పానా దించకండి. ఆ గుంటలో ఇసుక, దుమ్ము చేరి ఉంటాయి. ప్లగ్గు విప్పగానే అదంతా సిలిండర్లో పడుతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకుని, సైకిల్ పంపుతో గట్టిగా గాలి కొట్టి శుభ్రం చేయండి. తర్వాత ప్లగ్ సాకెట్టు దించి విప్పండి. సాకెట్టు లోపల రబ్బరో అయస్కాంతమో ఉంటుంది, ప్లగ్గును పట్టుకుని పైకి తెస్తుంది. సగంలో మరీ బిగుసుకుపోతే అక్కడితో ఆపండి. బలం చూపించే చోటు కాదు, మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లే చోటు.

కొత్త ప్లగ్గు మాన్యువల్లో చెప్పిన నంబరుదే కొనండి. కొస విరగకుండా సందు గేజితో చూసుకోండి. చేయి జారి సిమెంటు నేల మీద పడిందా, పక్కన పెట్టేయండి. పింగాణీ లోపల చిట్లితే పైకి కనబడదు.

అసలు కీలకం బిగించడంలో ఉంది. ప్లగ్గు తలకు అడుగు పొడవు రబ్బరు గొట్టం తొడిగి, దాన్ని వేళ్లతో తిప్పుతూ ఎక్కించండి. మర సరిగ్గా పడితే సాఫీగా దిగుతుంది. అడ్డంగా పడితే వేళ్ల కింద గొట్టమే జారిపోతుంది, మర చెడదు. పానాతో మొదలుపెడితే ఆ హెచ్చరిక మన చేతికి అందదు, త్రెడ్డు పోయేదాకా తెలియదు. వేళ్లతో అడుగుదాకా దిగాక టార్క్ రెంచి వాడండి. 14 మిల్లీమీటర్ల మర ఉన్న, వాషరు కలిగిన ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20. రెంచి లేకపోతే, కొత్త వాషరు ఆనిన దగ్గర్నుంచి అర చుట్టు, కొంచెం పైన. అంతే. కాయిల్ పెట్టి, కనెక్టర్ టిక్కుమనేలా నొక్కండి. మొదటిసారి గంటన్నర పడుతుంది. రెండోసారి అరగంట.

ఇప్పుడు పాత ప్లగ్గుల్ని పారేయకండి. సిలిండర్ల వరసలో కాగితం మీద పెట్టి చూడండి. డాక్టరు నాలుక చాపమన్నట్టే ఇది. కొస లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. తడి ఆయిల్‌తో నల్లగా నిగనిగలాడుతుంటే రింగులో, వాల్వు సీళ్లో అరుగుతున్నాయి, బండి బోరుకొస్తోందన్నమాట. తెల్లగా కాలి పొక్కులు లేస్తే ఇంజన్ అతిగా వేడెక్కుతోంది, లేదా తప్పు నంబరు ప్లగ్గు వేశారు.

ఈ చూపు ఎంత విలువైందో ఒక ఉదాహరణ చెబుతాను. మా బంధువు ఒకాయన, రిటైరైన టీచరు. కారు సిగ్నల్ దగ్గర ఆగితే అదురుతోంది, పికప్ లేదు. ఒక వర్క్‌షాపులో కాయిల్స్ నాలుగూ మార్చాలన్నారు. అది ఆయన నెల పెన్షన్‌లో పెద్ద వాటా. ఫోను చేస్తే, ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. మొదటి సిలిండర్ కాయిల్ తీసి రెండోదానికీ, రెండోది మొదటిదానికీ మార్చాం. కాయిల్ తప్పయితే మిస్సింగ్ దానితోపాటు రెండో సిలిండర్‌కు పోవాలి. పోలేదు, మొదటి దాంట్లోనే ఉంది. ప్లగ్గు తీస్తే పింగాణీ మీద వెంట్రుక మందాన చీలిక. నాలుగు ప్లగ్గులూ మార్చాం, కారు కుదురుగా నడిచింది. ఆయన సంతోషం మిగిలిన డబ్బు గురించి కాదు. "కారణం కళ్లతో చూశానురా" అన్నారు. సైన్సు చెప్పిన మనిషి కదా.

మన ప్రాంతానికి ఇంకో కారణం కూడా ఉంది. గౌతమికీ వశిష్ఠకూ మధ్య ఉన్నవాళ్లం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలో మళ్లీ 25 లక్షలు దాటింది, లంకలు మునిగాయి. నీట మునిగిన కారు దగ్గరికి వెళ్లి అందరూ మొదట చేసేది తాళం తిప్పడం. దయచేసి తిప్పకండి. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ పైకి పోలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఇంజనే పోతుంది. బ్యాటరీ విడదీసి, ప్లగ్గులన్నీ విప్పి, ఇంజన్‌ను పానాతో చేత్తో నెమ్మదిగా తిప్పితే లోపలి నీళ్లు ఆ రంధ్రాల్లోంచి బయటకొస్తాయి. ఆయిల్ పాల టీ రంగులోకి మారి ఉంటే స్టార్ట్ చేయకుండా బండిని లారీ మీద మెకానిక్కు దగ్గరికి పంపండి. ప్లగ్గు విప్పడం తెలిసిన చేయి ఆ రోజు ఇంజన్‌ను నిలబెడుతుంది.

మనతో చదివి మెకానిక్కులైన మిత్రులు ఇక్కడున్నారు. మీ పని తగ్గించే మాట చెప్పడానికి రాలేదు. కొన్ని కార్లలో మానిఫోల్డు విప్పితేగాని ప్లగ్గు అందదు. హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తీగల జోలికి సామాన్యుడు వెళ్లకూడదు. అవన్నీ మీ చేతికే రావాలి. కాకపోతే ప్లగ్గు విప్పి చూసిన మనిషి మీ దగ్గరికి వస్తే "ఏదో సౌండొస్తోందండీ" అనడు, "మూడో సిలిండర్లో ఆయిల్ తడి ఉందండీ" అంటాడు. మంచి పనివాడికి అలాంటి ఖాతాదారే సుఖం.

ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయి, వాటిలో ఈ ప్లగ్గే ఉండదు. ఇంకెందుకు నేర్చుకోవడం అని పిల్లలు అడుగుతారు. మూత తీసి చూడటం, ఒకదాన్ని మార్చి తేడా గమనించడం, కారణం తెలిశాకే ఖర్చు పెట్టడం ఏ యంత్రానికైనా పనికొస్తాయి.

చివరగా ఒక కోరిక. ఈసారి కారు ప్లగ్గులు మార్చినప్పుడు పాతవి మన స్కూలు సైన్సు ల్యాబుకు ఇవ్వండి. నల్లటివి, తెల్లటివి, గోధుమ రంగువి ఒక చెక్క మీద వరసగా బిగించి, కింద కారణాలు రాసిపెడదాం. పక్కన ఒక పాత కాయిల్ కోసి లోపలి తీగ చుట్లు కనబడేలా పెడదాం. విద్యుదయస్కాంత ప్రేరణ చెప్పే రోజున మాస్టారు వాటిని పిల్లల చేతికివ్వాలి. మొదటి నాలుగు ప్లగ్గులు నేను తెచ్చాను. సభ అయ్యాక హెడ్మాస్టరు గారికి అందజేస్తాను.