జాయప సేనాని: దివి నుంచి చూస్తే
(విజయవాడలో చేసిన స్మారకోపన్యాసం)

ఈ ఉపన్యాసం మా మాస్టారి పేరిట జరుగుతోంది. మాస్టారి పాండిత్యం గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చాలా చెప్పారు. నాకు గుర్తున్నది మరొకటి. శాసనం రాయి మీద తడి కాగితం పరిచి బ్రష్షుతో కొడుతున్నంతసేపూ ఆయన ఎవరినీ నోరు విప్పనిచ్చేవారు కాదు. పని అయ్యాక బందరు లడ్డూ పొట్లం విప్పి, అందరికీ పెట్టాకే తాను తినేవారు. జాయప సేనాని విషయంలో మాత్రం మా ఇద్దరికీ చివరిదాకా కుదరలేదు. ఆ తగవునే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

తెలిసిన కథను క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 1199లో రాజ్యానికి వచ్చిన కాకతీయ గణపతిదేవుడు కొద్ది ఏళ్లలోనే బెజవాడ మీదుగా తీరానికి దిగాడు. వెలనాటి ప్రభువుల కొలువులో ఉండి, కృష్ణ పాయల నడుమనున్న దివిని ఏలుతున్న అయ్య వంశం ఓడింది. ఆ ఇంటి పెద్ద పిన్నచోడి కూతుళ్లు నారాంబ, పేరాంబలను రాజు పెళ్లాడాడు. వారి తోబుట్టువు జాయపను కొలువులోకి తీసుకుని, గుండామాత్యుడి దగ్గర విద్య నేర్పించి, గజసాహిణిని చేశాడు. ఏనుగుల దండు నడిపిన ఆ సేనాని 1253-54లో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు.

ఇందులో తప్పేముందని అడుగుతారు. సంఘటనల్లో తప్పు లేదు. చెప్పే తీరులోనే ఉంది. ఓడిన ఇంటి పిల్లాణ్ణి కాకతీయుల రాజధాని ఓరుగల్లు మనిషిని చేసిందని చెబుతాం. రాజు దయ ఒక్కటే కనిపిస్తుంది, ఇల్లు కనిపించదు. మాస్టారు కూడా అలాగే చెప్పేవారు.

గణపేశ్వరం శాసనాన్ని తీసుకోండి. శక సంవత్సరం 1153, అంటే 1231. శాసన పరిశోధకుడు హుల్ష్ దాన్ని ఎపిగ్రాఫియా ఇండికా మూడో సంపుటంలో ప్రకటించి నూరేళ్లు దాటింది. మొదట కాకతీయుల వంశం వస్తుంది. ఆ వెంటనే భీముడితో మొదలుపెట్టి క్రొయ్యూరి అయ్య వంశం వస్తుంది. కాకతీయులతో పోరాడిన పక్షానికి తరాలుగా సేవ చేసిన ఇల్లది. అదే రాయి మీద, కాకతీయుల పొగడ్త పక్కనే, ఆ పూర్వులను పేరుపేరునా నిలబెట్టాడు జాయప. దిక్కులేక చేరదీయబడ్డవాడైతే తన కథను రాజానుగ్రహంతోనే మొదలుపెట్టి ఉండేవాడు.

వంశవర్ణన శాసనాల్లో మామూలే కదా అన్నది మాస్టారి మొదటి ఆక్షేపణ. మామూలే, ఒప్పుకుంటాను. కానీ జాయప కట్టించిన గుళ్ల పేర్లు చూడండి. పుట్టిన దివిలో కట్టిన శివాలయానికి రాజు పేరు పెట్టి గణపేశ్వరం అన్నాడు. రాజు ఇచ్చిన తామ్రపురిలో, నేటి గుంటూరు జిల్లా చేబ్రోలులో, కట్టిన గుడికి తండ్రి పేరు పెట్టి చోడేశ్వరం అన్నాడు. సొంత గడ్డ మీద ప్రభువు పేరు, ప్రభువిచ్చిన గడ్డ మీద తండ్రి పేరు! లెక్క తెలిసి చేసిన పని ఇది. తన ఇంటి ప్రతిష్ఠ చెక్కుచెదరలేదని నమ్మినవాడే ఇలా చేయగలడు.

రెండో ఆక్షేపణ విద్య గురించి: అది ఓరుగల్లు ఇచ్చిందే కదా అని. గుండామాత్యుణ్ణి గురువుగా కుదిర్చింది రాజే. దాన్ని నేనెప్పుడూ కాదనలేదు. 1965లో మద్రాసులో వి. రాఘవన్ పరిష్కరించిన నృత్తరత్నావళి ప్రతి ఉంది, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగు అనువాదం ఉంది. తెరిచి చూడండి. ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగూ మార్గం, అంటే శాస్త్ర సంప్రదాయం; చివరి నాలుగూ దేశి, అంటే ప్రాంతీయ ఆటలు. మార్గం గురువు దగ్గర నేర్చుకోవచ్చు. పేరణి, కందుకం, కోలాటం లాంటి దేశి ఆటలను కళ్లతో చూడాలి. 1213 నాటికే చేబ్రోలు జాయప చేతిలో ఉంది. పుస్తకం వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్లకు. ఆ దేశి భాగంలో ఓరుగల్లు రంగమండపంతో పాటు కృష్ణ ఒడ్డు ఊళ్లు కూడా ఉన్నాయని నా ఊహ. నిరూపణ కావాలంటారు, న్యాయమే. అయితే అంతా ఓరుగల్లుదే అనడానికి మాత్రం నిరూపణ ఏది?

ఇక పెళ్లిళ్లు. వాటిని గెలిచినవాడి ఔదార్యంగా రాస్తూ వచ్చాం. రాజు అవసరాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోం? దివి అంటే కృష్ణ రెండు పాయల నడుమ, సముద్రాన్ని ఆనుకుని ఉన్న నేల. అక్కడి నీళ్లు, రేవులు, దారులు తరాలుగా తెలిసిన ఇల్లది. 1244లో మోటుపల్లిలో పరదేశి వర్తకులకు అభయశాసనం ఇచ్చిన రాజుకు తీరం ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? వియ్యం అందుకుంటే ఇచ్చినవారికెంత మేలో పుచ్చుకున్నవారికీ అంతే మేలు. నారాంబ, పేరాంబల పేర్లను రాయి ఎనిమిది వందల ఏళ్లు కాపాడింది. మన పాఠ్యపుస్తకాలు వాళ్లను "ఇద్దరు సోదరీమణులు" అని సరిపెట్టాయి. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకే ఇప్పుడొక పని ఎత్తుకున్నాను. డెల్టా గుళ్ల శాసనాల్లో కనిపించే సేనానుల, బంట్ల కుటుంబాలకు ఊరివారీగా ఒక పట్టిక తయారుచేస్తున్నాను. తండ్రి, తల్లి, భార్య, తోబుట్టువులు, ఎవరి కొలువు, ఏ గుడికి ఏం ఇచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. రాజవంశాల వరస మనకు కంఠతా వచ్చు. వాళ్ల కోసం కత్తి పట్టిన ఇళ్ల వరస ఇలా ఊరివారీగా కూర్చినట్టు నేను చూడలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఎలా ఊడ్చేసిందో ఈ సభలో పెద్దలకు తెలుసు. అప్పటి ముప్పు సముద్రం నుంచి వచ్చింది; ఇప్పుడు శాసనాల రాళ్లకు సున్నం, ఆయిల్ పెయింటు, కొత్త టైల్సు వల్ల ముప్పు. గుళ్ల ధర్మకర్తలకు నా విన్నపం ఒకటే. మరమ్మతు మొదలుపెట్టే ముందు కబురు చేయండి, అచ్చు తీసుకుని వెళతాం. గణపేశ్వరంతో మొదలుపెట్టాం. తరువాత చేబ్రోలు, ఆపైన బాపట్ల భావనారాయణస్వామి గుడి. కాగితం, సిరా మేమే తెచ్చుకుంటాం. రాయి దగ్గర దీపం పట్టుకునే పిల్లలను ఊరివాళ్లు పంపితే చాలు.