నంద్యాల - ఆళ్లగడ్డ దారిని చదువుదాం

(సాక్షరతా కేంద్రంలో మహిళలకు చేసిన ప్రసంగం)



ఆడవాళ్లు ఊరు దాటేది ఎప్పుడు? పెళ్లికి, చావుకు, ఆసుపత్రికి. లేకుంటే తిరునాళ్లకు. అప్పుడు కూడా ఎవరో ఒకరు వెంట ఉండాలి. "ఈ బస్సు యాడికి పోతాది నాయనా?" అని పక్కవాళ్లను అడగాలి. బోర్డు చదవడం రాకపోతే తప్పదు మరి.

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. బోర్డు మీద 'ఆళ్లగడ్డ' అని ఉంటే, కూడబలుక్కొని అయినా చదవగలరు. అయితే చదవాల్సింది బస్సు బోర్డు ఒక్కటే కాదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం దాకా పోయే దారి ఒక పుస్తకం లాంటిది. అందులో కొండలున్నాయి, కాలువలున్నాయి, గుళ్లున్నాయి, మారిపోతున్న ఊళ్లున్నాయి. ఈ రోజు ఆ పుస్తకం తిరగేద్దాం.

నంది ఊరు నంద్యాల

నంద్యాల చుట్టూ తొమ్మిది నందులు ఉన్నాయి. వాటిని నవనందులు అంటారు. ప్రథమ నంది, నాగనంది, సోమనంది నంద్యాల పట్టణంలోనే ఉన్నాయి. మిగిలినవి మహానందిలోనూ, ఆ చుట్టుపక్కలా ఉన్నాయి. నందుల వల్లే ఊరికి ఈ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు.

నంద్యాల ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఒక పట్టణం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. కలెక్టరు ఆఫీసు ఇక్కడికే వచ్చింది. అర్జీ పెట్టుకోవాలంటే ఇదివరకు కర్నూలు దాకా పోవాలి. ఇప్పుడు నంద్యాలకు పోతే చాలు. 2016లో నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు కొత్త రైలు దారి కూడా వచ్చింది. బనగానపల్లె, కోవెలకుంట్ల వాళ్లకు ఆ విధంగా రైలు దగ్గరైంది.

ఇక్కడ 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. పత్తి విత్తనాల మీద అక్కడ చాలా కాలంగా పని జరుగుతోంది. బియ్యం కొట్లో 'నంద్యాల సోనా' అనే పేరు మీరు వినే ఉంటారు. ఈసారి బస్తా మీద ఆ పేరు చదివి చూడండి.

మహానంది నీళ్లు

నంద్యాల నుంచి మహానంది ఇరవై కిలోమీటర్ల లోపే. నల్లమల కొండల కింద ఉంది. అక్కడి కోనేటిలో నీళ్లు అద్దంలా ఉంటాయి. అడుగున పైసా పడినా కనబడుతుంది. కొండ ఊట నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి, బయటికి పోతూనే ఉంటాయి. అందుకే పాచి పట్టవు.

బయటికి పోయిన నీళ్లు వృథా కావు. అవి పొలాలకు పారుతాయి. చుట్టూ ఉన్న అరటి తోటలు ఆ తడితోనే పచ్చగా ఉన్నాయి. కొండ మీద అడవి ఉంటేనే వాన నీళ్లు నేలలోకి ఇంకుతాయి. ఇంకితేనే ఊట ఉంటుంది. అడవిని నరికితే కోనేరు ఎండుతుంది, తోట కూడా ఎండుతుంది. కోనేట్లో మొక్కే దండం కొండ మీది చెట్టుకు కూడా చెందాలి.

మహానంది గుడి శిఖరాన్ని బాగా చూడండి. మన దక్షిణాది గోపురాల మాదిరి మెట్లు మెట్లుగా ఉండదు. కొంచెం వంపు తిరిగి పైకి పోతుంది. అది బాదామి చాళుక్యుల కాలపు పద్ధతి. అంటే పన్నెండు, పదమూడు వందల ఏళ్ల కిందటిది.

దారి పొడవునా

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. మధ్యలో శిరివెళ్ల వస్తుంది. బస్సులో ఎడమ వైపు కూర్చుంటే దూరంగా నల్లమల కొండలు కనబడతాయి. కుడి వైపు దూరంగా ఎర్రమల కొండలు. ఈ రెండింటి మధ్య పారేది కుందూ నది. ఇది కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది.

ఈ నేల నల్లరేగడి. వరి, పత్తి, జొన్న, శనగ పండుతాయి. ఇక్కడి వరికి ఆధారం కె.సి. కాలువ. కె.సి. అంటే కర్నూలు - కడప. తుంగభద్ర నది మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి ఈ కాలువ తవ్వారు. ఒక ఇంగ్లీషు కంపెనీ 1863లో పని మొదలుపెట్టింది. మొదట్లో ఈ కాలువలో పడవలు కూడా నడపాలనుకున్నారు. కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం తీసుకుంది. పడవలు పోయాయి, పొలాలకు నీళ్లు మిగిలాయి.

అంత పొడవు కాలువ మట్టిని తట్టలతో మోసింది కూలి జనం. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా కనబడవు.

రోడ్డు కూడా మారింది. ఇదివరకు దీన్ని 18వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడు 40వ నంబరు. వెడల్పు చేసి నాలుగు వరుసల రోడ్డు వేశారు. ప్రయాణం తొందరగా అయిపోతోంది. మంచిదే. కానీ రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త పడాలి. పశువులను తోలుకుపోయేవాళ్లు, బడి పిల్లలు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఊళ్లలో ఇళ్లు చూడండి. పాత మిద్దెలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. రాతి గోడలు, కొయ్య దూలాలు, పైన చౌడు మట్టి. వెలుతురు కోసం మిద్దె మీద గవాక్షి. ఎండాకాలం లోపల చల్లగా ఉంటాయి. వాటి పక్కనే సిమెంటు మేడలు లేస్తున్నాయి. మేడ కురవదు, కానీ ఎండకు కాగుతుంది. మిద్దె చల్లన, కానీ ఏటా మట్టి వేయాలి. రెండింటి మంచీ చెడ్డా ఇల్లు అలికే ఆడవాళ్లకే బాగా తెలుసు.

ఆళ్లగడ్డ ఉలి చప్పుడు

ఆళ్లగడ్డలో అడుగు పెడితే ఉలి చప్పుడు వినబడుతుంది. ఇక్కడి శిల్పులు రాతితో దేవుళ్ల విగ్రహాలు, గుడి స్తంభాలు, నాయకుల విగ్రహాలు చెక్కుతారు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకుంటూ వచ్చిన పని ఇది. ముందు రాయిని ఎంచుకోవాలి. తట్టి చూస్తే గంటలా మోగాలి. తర్వాత కొలతలు గీయాలి. అప్పుడు ఉలి, సుత్తి పట్టాలి.

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట చేసిన వాటిని ఆళ్లగడ్డ శిల్పాలని చెప్పి అమ్మడానికి లేదు. బనగానపల్లె మామిడికి కూడా ఇలాంటి గుర్తింపే ఉంది.

ఇప్పుడు రాయి కోసే మిషన్లు వచ్చాయి. పని తొందరగా అవుతుంది. కానీ దుమ్ము ఎక్కువ లేస్తుంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మళ్లీ బయటికి రాదు. దగ్గు, ఆయాసం వస్తాయి. సిలికోసిస్ అనే ఈ జబ్బుకు నయం చేసే మందు లేదు. కాబట్టి రాతిపని చేసేవాళ్లు ముక్కుకు, నోటికి సరైన మాస్కు కట్టుకోవాలి. రాయిని నీళ్లతో తడుపుతూ కోయాలి. మీ ఇంట్లో ఎవరైనా ఈ పని చేస్తుంటే ఈ మాట తప్పక చెప్పండి.

ఆళ్లగడ్డకు పడమర కోవెలకుంట్ల ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంపిణీ ప్రభుత్వం మీద తిరగబడింది ఈ సీమలోనే. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో ఉరి తీశారు. సిపాయిల తిరుగుబాటు వచ్చింది ఆ తర్వాత పదేళ్లకు.

అహోబిలం కొండ

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం సుమారు 25 కిలోమీటర్లు. దిగువ అహోబిలం, ఎగువ అహోబిలం అని రెండు ఉన్నాయి. నవ నరసింహుల గుళ్లు కొండల్లో, అడవిలో ఉన్నాయి. దిగువ గుడి మంటపాల్లో విజయనగర కాలపు పనితనం కనబడుతుంది. కృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చినట్లు శాసనం ఉంది.

ఈ అడవి చెంచులది. చెంచులక్ష్మిని నరసింహస్వామి పెళ్లాడాడని కథ. అందుకే ఆయన చెంచులకు అల్లుడు. సంక్రాంతి వెళ్లగానే పారువేట ఉత్సవం మొదలవుతుంది. స్వామి పల్లకిలో ఊరూరా తిరుగుతాడు. జనం గుడికి పోవడం అన్ని చోట్లా ఉంది. ఇక్కడ దేవుడే జనం దగ్గరికి వస్తాడు.

ఈ నేల అక్షరాల నేల

ఒక ముఖ్యమైన సంగతి. కుందూ, పెన్నా నదుల ఈ సీమకు పాత పేరు రేనాడు. రేనాటి చోళులు ఇక్కడ ఏలారు. పూర్తిగా తెలుగులో చెక్కించిన శాసనాల్లో మొదటిది వాళ్లదే. అది కడప జిల్లా కలమల్లలో దొరికింది. సుమారు సామాన్య శకం 575 నాటిది. అంటే పద్నాలుగు వందల ఏళ్లకు పైబడింది.

తెలుగు అక్షరం మొదట రాతికెక్కిన సీమ ఇది. కానీ ఇక్కడి ఆడవాళ్లలో ఎక్కువ మంది చేతికి పలక అందలేదు. గుడి ముందు ముగ్గు వేశారు, రాతి మీది రాత చదవలేకపోయారు. కాలువ గట్టున నాట్లు వేశారు, పాసుపుస్తకంలో పేరు చదవలేకపోయారు. ఆ బాకీ ఇప్పుడు తీరుతోంది. మీరు తీరుస్తున్నారు.

మీరూ బయలుదేరండి

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీ శక్తి' పథకం వచ్చింది. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపాలి. కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. అది తీసుకోండి, చదవండి, దిగేదాకా దాచుకోండి.

పదిమంది కలిసి బయలుదేరండి. పొద్దున్నే మహానంది చూసుకోండి. నంద్యాలకు వచ్చి ఆళ్లగడ్డ బస్సెక్కండి. సాయంత్రం చివరి బస్సు ఎన్ని గంటలకో ముందే చదివి రాసుకోండి. ఆపద వస్తే 112కు గానీ, మహిళల కోసం ఉన్న 181కి గానీ ఫోన్ చేయండి.

"ఇంట్లో పని ఎవరు చేస్తారు?" అంటారు. ఒక్క పూట ఇంట్లో వాళ్లు చేసుకుంటారు. తిరిగొచ్చి చూసింది పిల్లలకు చెప్పండి. తెలిసిన అక్షరాలతో నోటు పుస్తకంలో రాయండి. ఈ దారి గురించి ఆడవాళ్లు రాసిన పుస్తకాలు ఇంకా రావాలి.

మాట్లాడుకోండి, రాయండి

1. మీ ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది?
2. మీ పొలానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?
3. మీ ఊళ్లో పాత గుడి, మసీదు, చర్చి, బావి ఏవైనా ఉన్నాయా? వాటి మీద ఏమి రాసి ఉంది?
4. మీరు ఒక్కరే బస్సెక్కి ఎక్కడికైనా వెళ్లారా? వెళ్లి ఉంటే ఐదు వాక్యాలు రాయండి.