ఎనిమిది పట్టు ముక్కలు – ఒక గుమాస్తా అనుభవం

(పలమనేరులో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు అలవాటు లేవు. తాలూకా కచ్చేరీలో గుమాస్తాగా చేరి, అడంగళ్లు, జమాబందీ లెక్కలు రాసి రిటైరైన వాణ్ణి. కార్యదర్శిగారు "సార్, పొద్దున్నే మిద్దె మీద చేతులు తిప్పుతా ఏమో చేస్తారంటనే, అదే చెప్పండి చాలు" అన్నారు. అదే చెబుతాను.

దాని పేరు చీగుంగ్. చైనా భాషలో 'చీ' అంటే ఊపిరి, ప్రాణశక్తి. 'గుంగ్' అంటే సాధన. మన ప్రాణాయామానికి దాయాది అనుకోవచ్చు. పద్ధతి చాలా పాతది. 1970లలో చైనాలోని మవాంగ్‌దుయి అనే చోట క్రీ.పూ. 168 నాటి సమాధిలో, ఇలాంటి కసరత్తులు చేస్తున్న మనుషుల బొమ్మలున్న పట్టుగుడ్డ దొరికింది. ఆ కసరత్తులకు చీగుంగ్ అనే పేరు వాడుకలోకి వచ్చింది మాత్రం 1950లలోనే. లియు గుయిజెన్ అనే ఆయన వీటిని శానిటోరియంలలో రోగులకు నేర్పించారు. మంచి గాలి, విశ్రాంతి, ఊపిరి – ఇది మనకు కొత్త మాట కాదు. క్షయ రోగుల కోసం నూరేళ్ల క్రితమే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వెలిసింది గదా!

"మనకు యోగా ఉండగా చైనా వాళ్లదెందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు పెద్ద వయసులోనూ ఆసనాలు, ప్రాణాయామం చేసేవారు. నా మోకాళ్లకు ఆ భాగ్యం లేదు. కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఇది నిలబడి చేసేది. అంతే కారణం.

నేను చేసేది 'బా దువాన్ జిన్'. అంటే ఎనిమిది పట్టు ముక్కలు. పట్టుపురుగులు పెంచే మన సీమకు ఈ పేరు నచ్చకుండా ఉంటుందా? మొదటిది రెండు చేతులూ ఆకాశానికెత్తడం. రెండోది విల్లు లాగినట్టు ఇటూ అటూ లాగడం. మూడోది ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి. నాలుగోది మెల్లగా తల తిప్పి వెనక్కి చూడటం. అయిదోది కాళ్లు ఎడంగా పెట్టి నడుము ఊపడం. ఆరోది వంగి పాదాలందుకోవడం. ఏడోది పిడికిలి బిగించి, కళ్లు పెద్దవి చేసి ముందుకు చాచడం. ఎనిమిదోది మడమలెత్తి దించడం. అంతా పావుగంట పని. ఊపిరి మాత్రం బిగబట్టరాదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మొదలుపెట్టిన కొత్తలో ఒళ్లు తేలికైంది, నిద్ర పట్టింది. "ఊపిరి సాధన ఉంటే మాత్రలెందుకు" అని ఎవరో అంటే నమ్మి, బి.పి. మాత్రలు మానేశాను. ఇంట్లో చెప్పలేదు. రెండు నెలలకు ఒక వేకువన బచ్చలింట్లో పడిపోయాను. ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచాక నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? ఫామిలీ పెన్షన్ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో మా ఇంటావిడకు తెలియదని! ముప్పయ్యేళ్లకు పైగా ఊరందరి కాగితాలూ సర్దిన వాణ్ణి, నా ఇంటి కాగితం చూపించలేదు.

డాక్టరుగారు కసరత్తు మానమనలేదు. "మాత్రలు మాత్రలే, కసరత్తు కసరత్తే" అన్నారు. ఇంటావిడ మాత్రం "మీరు చేతులు ఎన్ని తిప్పుకున్నా సరే, నా ముందర మాత్ర మింగినాకనే తిప్పండి" అంది. ఈనాటికీ అదే రూలు.

దీనివల్ల షుగరు, బి.పి. పోతాయని నేను చెప్పను. మన వయసులో అసలు భయం పడిపోవడం. తుంటి ఎముక విరిగితే మంచమే గతి. నిలకడ పెంచే కసరత్తులు చేసే వృద్ధులు తక్కువగా పడతారని వైద్యులు చెబుతున్నారు. 65 ఏళ్లు దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు అలాంటివి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. చైనా వాళ్లదే కావాలని లేదు. మీకు చేతనైనది చేయండి.

కొన్ని జాగ్రత్తలు. ముందు మీ డాక్టరును అడగండి. ఎనిమిదోది గోడో కుర్చీయో పట్టుకొని చేయండి. ఎముకలు బలహీనమైనవాళ్లు మడమలు దబ్బున దించవద్దు. నడుము నొప్పి, కళ్లు తిరగడం, కంట్లో నీటికాసులు ఉన్నవాళ్లు ఆరోది వదిలేయండి. తెల్లవారుజామున మన ఊరి చలిలో వద్దు, ఎండ పొడ వచ్చాక చేయండి.

ఏటేటా ట్రెజరీకి బతికున్నామని సర్టిఫికెట్ ఇస్తాం. మన కాళ్ల మీద మనం నిలబడటమే ఇంటివాళ్లకు మనమిచ్చే సర్టిఫికెట్. ఇంటికి పోగానే రెండు పనులు చేయండి. పెన్షన్ కాగితాలు ఎక్కడున్నాయో ఇంటావిడకో, ఇంటాయనకో చూపించండి. తరువాత రెండు చేతులూ పైకెత్తి ఒకసారి నిండుగా ఊపిరి పీల్చండి.