రెండు దినముల సెలవు - వాట్‌గంజ్ తీరము

(వార్షికోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



కలకత్తాలో ఉద్యోగము చేయు తెలుగువాని సెలవుల లెక్క మిక్కిలి చిన్నది. కేంద్రప్రభుత్వోద్యోగికి సంవత్సరమునకు లభించు ఆకస్మిక సెలవులు ఎనిమిది. ఆర్జిత సెలవులు ఉన్నను అవి మేనకోడలి పెండ్లికి, తండ్రి కంటి ఆపరేషనుకు, ఊరిలోని పొలము తగవునకు ముందుగానే వ్రాసియిచ్చినట్లుండును. ప్రయాణ రాయితీ స్వస్థలమునకు పోయివచ్చుటతోనే చెల్లిపోవును. కావున అట్టి గృహస్థునకు విహారయాత్ర యనగా శని, ఆదివారములే. మహా యైనచో వానికి ముందో వెనుకో ఒక ఆకస్మిక సెలవు. ఈ రెండు దినములను ఎట్లు గడపవలెనన్నది చిన్న ప్రశ్నవలె కనబడును. విజయనగరము నుండి తల్లిదండ్రులు వచ్చియున్నప్పుడు అది చిన్న ప్రశ్న కాదు.

ఒక కుటుంబమును ఊహింపుడు. తండ్రికి డెబ్బది దాటినవి, మోకాళ్లు సహకరింపవు. ఇంతదూరపు రైలుప్రయాణము మరల చేయగలడో లేడో ఇంటనందరికిని తెలియును గాని ఎవ్వరును పైకి అనరు. తల్లి మడి గల మనిషి, బయట భోజనము చేయదు. పిల్లలిద్దరును బడిలో బంగాళీ, హిందీ, ఇంగ్లీషు మాటలాడి ఇంటికి వచ్చినపిదప తెలుగును తడవుకొనుచు పలుకుదురు. తాతగారితో వారి సంభాషణ "అన్నం తిన్నావా?" యను ప్రశ్నతో మొదలై దాని జవాబుతోనే ముగియుచుండును.

ఆ ఇంటి యజమాని శుక్రవారపు రాత్రి ఒక కాగితము తీసికొని పట్టిక వ్రాయును. కాళీఘాట్, విక్టోరియా స్మారకము, జంతుప్రదర్శనశాల, మ్యూజియము, బిర్లా ప్లానెటోరియము, దక్షిణేశ్వరము, బేలూరు మఠము, న్యూ మార్కెట్టు, ఇంకను మూడు. ప్రతిదాని యెదుట గంటలు, నిమిషములు. భార్య ఆ కాగితము చూచి, "ఏమండీ, ఇది యాత్రా, ఇన్‌స్పెక్షనా?" అని అడుగును. తల్లి, "ఒరే నాయనా, నాకు గంగ ఒడ్డున కాసేపు కూర్చోవాలని ఉందిరా, అంతే" అనును. తండ్రి కొంతసేపు ఊరకుండి, "మా తాతగారి అన్నగారు ఓడెక్కి రంగం వెళ్లి మళ్లీ రాలేదు. జనం ఓడలెక్కిన రేవు అంటూ ఇక్కడ ఏదైనా ఉందా అబ్బాయీ?" అనును.

ఆ పట్టికలో రేవు లేదు. పదునొకండు స్థలములలోను లేదు.

తక్కువ దినములలో పాతనగరమును చూచుట యనునది లోకమంతటను ఉన్న సమస్యయే. బాల్టిక్ సముద్రతీరమున టాలిన్, రీగా యను రెండు పాత రేవుపట్టణములు కలవు. రెండును ఒకప్పుడు హాన్సా వర్తకసంఘమునకు చెందిన నగరములు. రెండింటి పాత భాగములను యునెస్కో సంస్థ 1997లో ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినది. అచ్చటికి పిల్లలతోను వృద్ధులతోను రెండు దినములకై పోవువారు చాలమంది. వారికి ఆ యాత్ర సుకరమగుటకు కారణము భవనముల వైభవమొక్కటియే కాదు, చూడవలసినవి నడచిపోదగినంత దగ్గరగా ఉండుట. కాలమంతయు బండిలో గడచిపోదు. ఒక చర్చిని చూచి అలసినవారు దాని ముందరి చతుశ్శాలలోనే కూర్చుందురు. ఈ సూత్రమును కలకత్తాకు అన్వయించినచో, నగరపు నాలుగు మూలలకును పరుగెత్తుట మాని ఒకే తీరమును ఎన్నుకొనవలెను. అట్టి తీరము వాట్‌గంజ్, ఖిదిర్‌పూర్‌ల చెంత కలదు.

వాట్‌గంజ్ పేరు చెప్పగానే ముఖము చిట్లించువారు ఈ సభలోనే ఉందురు. అది లారీల పేట, గోదాముల పేట. కొన్ని సందులకు మంచి పేరు లేదు. తెలుగు కుటుంబములలో పెక్కింటికి ఆ ప్రాంతమున తెలిసినది ఖిదిర్‌పూర్‌లోని ఫ్యాన్సీ మార్కెట్టు ఒక్కటియే. అయినను ఆ పేట పుట్టుక ఒక రేవు కల. కర్నల్ హెన్రీ వాట్సన్ అను ఇంజనీరు ఆదిగంగ గంగలో కలియు చోటికి చేరువగా ఓడల నిర్మాణశాల నెలకొల్పెను. వాట్‌గంజ్ అనునది ఆయన పేరే. 1780 ఆగస్టు 17న అలీపూర్‌లో వారన్ హేస్టింగ్స్‌కును ఫిలిప్ ఫ్రాన్సిస్‌కును పిస్తోళ్లతో జరిగిన ద్వంద్వయుద్ధమున ఫ్రాన్సిస్ పక్షమున సాక్షిగా నిలిచినవాడు ఈ వాట్సనే. మరుసటియేట 36 ఫిరంగుల నాన్‌సచ్ అను ఓడను ఆయన ఇచ్చట నీట దించెను. తుదకు ధనమంతయు కరగిపోయి పని విడిచిపెట్టెను. తరువాత జేమ్స్ కిడ్ అను నిపుణుడు ఖిదిర్‌పూర్ నిర్మాణశాలను నడపెను. 74 ఫిరంగుల హేస్టింగ్స్ అను పెద్ద యుద్ధనౌక 1818లో ఇచ్చటనే జలప్రవేశము చేసినది. నేడు కనబడు ఖిదిర్‌పూర్ డాక్కు 1892లో తెరువబడినది. 1943 డిసెంబరు 5న పట్టపగలు జపానువారి విమానములు దానిపై బాంబులు కురిపించినవి.

ఇదంతయు పిల్లలకు చరిత్రపాఠముగా చెప్పిన యెడల వారు ఆవులింతురు. డాక్కు ముఖద్వారముమీది బాస్క్యూల్ వంతెన చెంతకు తీసికొనిపోయి, ఓడ పోవుటకు వంతెన పైకి లేచునట్లు కట్టబడినదని చూపినచో చాలును. మిగిలిన ప్రశ్నలు వారే అడుగుదురు. ఒక హెచ్చరిక మాత్రము కలదు. డాక్కు లోపలికి పోవుటకు పోర్టువారి అనుమతి కావలెను, ఆ ప్రాంతమున ఫొటోలు తీయరాదు. ప్రభుత్వోద్యోగి కుటుంబము కాపలావానితో వాదమునకు దిగుట శోభింపదు.

మొదటి దినము ఉదయమున భూకైలాసముతో ఆరంభించుట మేలు. ఖిదిర్‌పూర్‌లో ఘోషాల్ వంశీయుల రాజబాడి ప్రక్కన, శివగంగ యను చెరువు గట్టున, 1781 నాటి జంట శివాలయములు కలవు. లోపలి లింగములు మనిషి యెత్తును మించినవి. దర్శనమునకు తోపులాట లేదు, పండాల బెడద లేదు. కాళీఘాట్‌లో క్యూ నిలువలేని తల్లికి ఇచ్చట చెరువుమెట్లమీద నెమ్మదిగా కూర్చుండి శివనామము చెప్పుకొను వీలుండును. కాళీఘాట్ మానుమని దీని భావము కాదు. దానికి వేరొక ఉదయము కేటాయింపవచ్చును.

అచ్చటికి సమీపముననే ముగ్గురు బంగాళీ కవుల పేట యున్నది. మైకేల్ మధుసూదన దత్తు, హేమచంద్ర బందోపాధ్యాయ, రంగలాల్ బందోపాధ్యాయ ఖిదిర్‌పూర్‌లో నివసించిరి గనుకనే దానికి కవితీర్థమను పేరు వచ్చినది. బడిలో మధుసూదనుని పద్యములు చదువు పిల్లలు ఈ ఒక్కచోట తాతగారికే పాఠము చెప్పగలరు. దీనికి అరగంట చాలును.

తరువాతిది తండ్రి యడిగిన రేవు. నది వెంట దిగువకు గార్డెన్ రీచ్ వైపు పోగా సూరినామ్ ఘాటు అనుచోటు కలదు. 1834 నుండి మారిషస్‌కును, 1838 నుండి బ్రిటిష్ గయానాకును, పిదప ట్రినిడాడ్, సూరినామ్, ఫిజీలకును చెరకుతోటల పనికై ఒప్పంద కూలీలు ఈ నదిమీదుగానే ఓడలెక్కిరి. లల్లా రూఖ్ అను ఓడ 1873 ఫిబ్రవరి 26న కలకత్తా విడిచి జూన్ 5న సూరినామ్ చేరినది. లియొనిడాస్ 1879లో ఫిజీకి పోయినది. ఈ పద్ధతి క్రింద కూలీలను పంపుట 1917లో నిలిచిపోయినది. వారి జ్ఞాపకార్థము ఖిదిర్‌పూర్ వద్ద 2011లో ఒక ఫలకమును, సూరినామ్ ఘాటున 2015లో ఒక విగ్రహమును నెలకొల్పిరి. ఆ విగ్రహము ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒక మూట. పరామారిబో నగరములో దీనికి మాతృక యున్నది.

ఇచ్చట ఓడలెక్కినవారు చాలవరకు భోజ్‌పురీ ప్రాంతములవారు. తెలుగువారు మద్రాసునుండియు, కోరంగి మొదలగు సర్కారు రేవులనుండియు పోయిరి. ఫిజీకి దక్షిణాదివారిని గొనిపోవుట 1903లో మొదలైనది. బర్మాలో తెలుగువానికి కోరంగీ యను పేరే స్థిరపడినది. కాబట్టి రంగము పోయిన ఆ తాతగారి అన్నగారు ఈ మెట్లు దిగియుండకపోవచ్చును. ఆ మాట తండ్రికి దాచకుండ చెప్పవలెను. విశాఖపట్టణములోనో కాకినాడలోనో దిగవలసిన కన్నీరు ఇచ్చట దిగిన తప్పేమియు లేదు. ఆ మూటను చూపి మనుమడు, "తాతయ్యా, అందులో ఏముంటుంది?" అని అడుగగలడు. దానికి జవాబు చెప్పుటకు తాతగారికి పుస్తకమక్కరలేదు, మనుమనికి ఎక్కువ తెలుగు అక్కరలేదు. యాత్రాపట్టికలో ఈ ఘాటునకు ఎదురుగా ఒక గంట వ్రాసి, ఆ గంటలో మరేదియు వ్రాయకుండుట మంచిది. ఘాటునకు దారి తెరచియున్నదో లేదో మాత్రము ముందుగానే విచారింపవలెను.

ఓపిక మిగిలినచో సాయంకాలము మెటియాబ్రుజ్. 1856లో రాజ్యము కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా కలకత్తాకు వచ్చి, నడుమ ఫోర్ట్ విలియమ్‌లో బందీయై యుండిన కాలము తప్ప, 1887లో మరణించువరకు ఇచ్చటనే మరియొక లక్నోను కట్టుకొనెను. ఠుమ్రీపాటకు కలకత్తాలో ఆదరము పెరిగినది ఆయన కొలువువలన. బిరియానీలో బంగాళాదుంప వేయుట ఆ వంటశాలనుండియే వచ్చినదని జనశ్రుతి. దీనిపై వాదించుటకు పూర్తి దినము కావలెను. ఆయన సమాధి సిబ్తైనాబాద్ ఇమాంబాడాలో నున్నది. పాదరక్షలు విడిచి నెమ్మదిగా చూచి రావలెను. రైల్వే కుటుంబములకు గార్డెన్ రీచ్ కొత్తకాదు. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేకు అదియే ప్రధాన కార్యాలయస్థలము. 2003లో తూర్పుకోస్తా రైల్వే విడివడువరకు వాల్తేరు డివిజను ఫైళ్లు ఇచ్చటికే వచ్చుచుండెను.

రెండవ దినమునకు ఒకే చోటు చాలును. మెటియాబ్రుజ్ నుండి ఫెర్రీ పడవలో ఆవలి నాజిర్‌గంజ్‌కు చేరి, టోటోలో శిబ్‌పూర్ వృక్షోద్యానమునకు పోవచ్చును. 1787లో రాబర్ట్ కిడ్ నెలకొల్పిన ఆ తోట 273 ఎకరములు. పిల్లలకు మహావటవృక్షమే ప్రధానము. బూజుతెగులు సోకిన మొదటి మానును 1925లో తొలగించినను, వేలకొలది ఊడలపై ఆ చెట్టు నేటికిని విస్తరించుచునేయున్నది. పెద్దలు చూడవలసినది నదియొడ్డున నున్న రాక్స్‌బర్గ్ భవనము. విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఈ తోటకు అధికారిగా వచ్చుటకు ముందు పండ్రెండేండ్లు గోదావరి మండలమునందలి సామర్లకోటలో ఉండెను. అచ్చట మిరియము, చెరకు, నీలిమందు పెంచి చూచెను. చెట్లను గూర్చి వ్రాసినప్పుడు వాని తెలుగు పేర్లుకూడ వ్రాసికొనెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము 1795లో వెలువడ నారంభించినది. గంగయొడ్డున నిలిచియున్న తండ్రికి సామర్లకోట పేరు వినబడినచో మోకాలినొప్పి కొంతసేపు మరుపునకు వచ్చును. తోటలో చీటీలు కట్టిన చెట్ల తెలుగు పేర్లను తాతగారు చెప్పగా పిల్లలు వ్రాసికొనవచ్చును.

జంతుప్రదర్శనశాల లేదేమని పిల్లలు అలుగుదురు. వారు కలకత్తాలోనే ఉందురు, తాతగారు ఉండరు. కావున అది మరొక ఆదివారమునకు వాయిదా. అందునకు బదులు అలీపూర్‌లో మరియొక చోటున్నది. బెల్వెడియర్‌లోని జాతీయ గ్రంథాలయమున తెలుగు విభాగము కలదని ఇచ్చటి తెలుగువారిలో ఎందరికి తెలియునో! తండ్రి చదువరియైనచో పనిదినమున ఒంటరిగా తీసికొనిపోవుట మేలు.

ఇక సౌకర్యముల మాట. డిసెంబరు నుండి ఫిబ్రవరివరకు ఈ తీరము హాయిగా నుండును. వానకాలమున ఘాటు మెట్లు జారును. ఎస్ప్లనేడ్ నుండి ఖిదిర్‌పూర్‌కు ఒకప్పుడు మైదానము మీదుగా సాగిన ట్రాము 2020 నాటి అంఫాన్ తుపాను పిదప నిలిచినది గనుక ట్యాక్సీయే దిక్కు. పులిహోర, దద్ధ్యోజనము, మంచినీళ్లు ఇంటినుండి తేవలెను. వృద్ధులకు మరుగుదొడ్డి యెక్కడ దొరకునో ముందురోజే చూచి రావలసినవాడు ఇంటి యజమాని. పదునొకండు స్థలముల పట్టిక వ్రాయుటకంటె ఇది ముఖ్యమైన పని. ఘాటునుండి ఘాటునకు నడక పది నిమిషములు మించినచో రిక్షా పిలువవలెను. తండ్రి అక్కరలేదనును, అయినను పిలువవలెను.

రెండవనాటి సాయంకాలము తిరుగుపడవను గూర్చి ఒక మాట. ఫెర్రీ వేళలు ఆదివారమున మారవచ్చును. ఉదయము ఆవలిగట్టున దిగగానే చివరి పడవ వేళను టిక్కెట్లిచ్చు గుమాస్తానడిగి, ఆ చీటీ వెనుకనే వ్రాసికొని, తల్లిగారి చేతిసంచిలో వేయవలెను. ఆమె దానిని పారవేయదు.