లెక్క అందరిదీ, వివరం ఎవరిది వారిదే
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, రికవరీ లెక్కలన్నీ ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. అవి చదివి వినిపించారు, మీరు ఆమోదించారు. ఇప్పుడు ఏ లెక్కలోనూ కనపడని ఒక ఆస్తి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. అది మన వివరాలు. పేరు, ఫోను నంబరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, వేలిముద్ర, ఫొటో, ఎవరికి ఎంత అప్పుంది, ఇంట్లో ఎవరికి ఏ జబ్బుంది. వీటన్నిటినీ కలిపి ఇప్పుడు డేటా అంటున్నారు.

“మన దగ్గర ఏటుందని? మన వివరాలు దొంగకి ఏటికి?” అని చాలామంది అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. మన ఖాతాలో ఉపాధి హామీ కూలి పడుతుంది, పంట డబ్బు పడుతుంది, సంఘం తీసుకున్న రుణం పడుతుంది. ఎప్పుడు పడుతుందో కూడా ఊరందరికీ తెలుసు. పెద్ద ఖాతా ఒకటి కొట్టేదానికన్నా చిన్న ఖాతాలు వంద కొట్టడం దొంగకి సులువు. రెండు వేలు పోయిందని ఎవరూ పోలీసు స్టేషనుకి వెళ్లరని వాడి ధైర్యం. కాని ఆ రెండు వేలు మనకి ఆ నెల వాయిదా.

ఇంకో మాట. ఫోను చేసినవాడు మీ పేరు, మీ సంఘం పేరు, మీ బ్యాంకు పేరు చెప్పి “అమ్మా, మీ రుణం పెంచుతున్నాం” అంటే మనవాళ్లే అనుకుంటాం. ఏమీ తెలియని మనిషికి ఓటీపీ ఎవరూ చెప్పరు. అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాడికే చెబుతాం. అంటే మోసం ఆ ఫోనుతో మొదలవలేదు. మన వివరాలు వాడి చేతికి చేరిన రోజే మొదలైంది. సైబర్ భద్రత అంటే తలుపుకి తాళం వేయడమైతే, వివరాల గోప్యత అంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో చూసుకోవడం. చెవి వీధిలో పడేసి ఎంత గట్టి తాళం వేసినా లాభం లేదు.

ఇక్కడ మనకి ఒక చిక్కు ఉంది. వెలుగు ప్రాజెక్టు 2000లో మొదలైనప్పుడు తీసుకున్న ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అప్పటినుంచి మన సంఘాలు నేర్చుకున్న మొదటి పాఠం, లెక్క దాచకూడదని. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత తీసుకున్నారు, ఎవరు బాకీ ఉన్నారు, అంతా సమావేశంలో అందరి ముందు చదవాలి. అలా చదవబట్టే మన డబ్బు నిలిచింది. మరి ఇప్పుడు “వివరాలు గుట్టుగా ఉంచండి” అంటే, ఇన్నాళ్లూ నేర్చుకున్నదానికి ఎదురు చెప్పినట్టు కాదా?

కాదు. ఎందుకు కాదో మన రాష్ట్రంలో జరిగిన సంగతే చెబుతుంది.

ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని దేశంలో అందరికన్నా ముందు పెద్ద ఎత్తున చేసి చూపించింది ఆంధ్రప్రదేశ్. ఎవరికి ఎన్ని రోజుల పని, ఎంత కూలి అన్నది గ్రామసభలో చదివి వినిపించారు, ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. అది మంచి పని. అయితే 2017 మే 1న బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక విడుదల చేసింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే. ఒకటి ఉపాధి కూలి రోజువారీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. ఎవరో తాళం పగలగొట్టి తీసినవి కావు అవి. తలుపు తీసే ఉంది. మరుసటేడు, 2018 ఏప్రిల్‌లో, రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1,34,000 మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలతో పాటు కులం, మతం కూడా బయటికి కనపడ్డాయని పత్రికల్లో వచ్చింది. తర్వాత వాటిని తీసేశారు.

ఆ పట్టికల్లో ఉన్నది ఎవరు? ఉపాధి పనికి పలుగు పట్టినవాళ్లు, బీమా కట్టించుకున్న కూలీలు, ఇల్లు మంజూరైన పేదలు. అంటే మనమే. ఫలానా ఆమెకి ఇన్ని రోజుల కూలి ముట్టిందని ఊరు తెలుసుకోవడం న్యాయం. ఆమె ఆధార్ నంబరు ఊరికెందుకు? ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రచురించకూడదని 2016 నాటి ఆధార్ చట్టంలోనే ఉంది. లెక్క బయట పెట్టడం వేరు, మనిషిని బయట పెట్టడం వేరు. సంఘంలో కూడా ఈ గీతే గీసుకోవాలి. పొదుపు, అప్పు, వాయిదా సంఘం వరకు బాహాటం. ఆధార్, ఖాతా నంబరు, వేలిముద్ర, ఓటీపీ, జబ్బు ఎవరిది వారిదే.

వేలిముద్ర సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకప్పుడు వేలిముద్ర వేయడం మనకి చిన్నతనంగా ఉండేది. సంతకం నేర్చుకున్న రోజు పండగలా ఉండేది. ఇప్పుడు ఆ వేలిముద్రే ఖాతాకి తాళంచెవి అయ్యింది. బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ ద్వారా డబ్బు తీయాలంటే కావలసినవి మూడే: బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర. పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. చదువు రాని తల్లికి ఇది గొప్ప సదుపాయం. దొంగకీ అంతే సదుపాయం.

2018 జూన్‌లో హైదరాబాద్‌లో ఒక కేసు బయటపడింది. పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను, భూముల రిజిస్ట్రేషన్ పత్రాలను ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి దించుకొని, వాటి మీదున్న వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి, వేల సిమ్‌లు ఇతరుల పేరు మీద యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. తర్వాతి ఏళ్లలో ఇదే పద్ధతిలో జనం ఖాతాల్లోంచి డబ్బు తీసిన ముఠాలు కూడా దొరికాయి. భూమి కొన్నప్పుడు ఆఫీసులో నమ్మకంగా వేసిన ముద్ర అది. ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు, అయినా డబ్బు పోయింది. పిన్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం కదా. ఇలాంటి మోసాలు పట్టడానికి, మెషిన్ మీద పెట్టింది నిజమైన వేలా, నకిలీదా అని తనిఖీ చేసే కొత్త పద్ధతిని ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. మంచిదే. మన జాగ్రత్త మనకి ఎలాగూ కావాలి.

పలాస వైపు జీడిపిక్కలు వలిచే అక్కలకి ఈ బాధ మరీ ఎక్కువ. జీడి రసం అంటి వేళ్లు కాలతాయి, ముద్ర అరిగిపోతుంది, మెషిన్ పట్టదు. “పడలేదు, మళ్లీ పెట్టు” అంటారు. నిజంగానే పడకపోవచ్చు. పడి ఉండవచ్చు కూడా. అందుకే వేలు పెట్టిన ప్రతిసారీ తెరమీద ఏమొచ్చిందో చదివించుకోవాలి, రసీదు అడగాలి, రెండోసారి పెట్టేముందు ఫోనుకి మెసేజ్ వచ్చిందేమో చూసుకోవాలి. అడిగితే కోపగించుకుంటారని మొహమాటపడొద్దు. డబ్బు మనది, వేలు మనది.

ఆధార్ యాప్‌లో గాని వెబ్‌సైట్‌లో గాని వేలిముద్రకి తాళం వేసుకునే వీలుంది. తాళం వేస్తే ఎవరూ వాడలేరు, మనం కూడా వాడలేం. రేషనుకో, డబ్బు తీయడానికో వెళ్లేముందు తీసుకోవాలి. దానికి ఆధార్‌కి మన ఫోను నంబరు జతచేసి ఉండాలి. కొడుకు నంబరు, చెన్నై వెళ్లిన మొగుడి నంబరు ఇచ్చి ఉంటే ఓటీపీ అక్కడికి పోతుంది. కాబట్టి ముందు ఆ పని చూసుకోండి. జిరాక్సు ఇవ్వవలసి వస్తే, చివరి నాలుగు అంకెలే కనపడే ఆధార్ కాపీ కూడా ఆ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది.

ఇక రుణ యాప్‌ల సంగతి. పత్రం లేదు, పూచీ లేదు, ఐదు నిమిషాల్లో డబ్బు అంటారు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల వాళ్లని అరెస్టు చేసినప్పుడు అసలు సంగతి అందరికీ తెలిసింది. యాప్ వేసుకునేటప్పుడు “అనుమతించు” అని నొక్కితే ఫోనులోని నంబర్లు, ఫొటోలు అన్నీ వాళ్లకి చేరతాయి. వాయిదా ఆలస్యమైతే ఆ నంబర్లకి ఫోన్లు చేసి పరువు తీస్తారు. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. రుణమిచ్చే యాప్ ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి కాంటాక్టులు అడిగే రుణ యాప్ ఏదైనా సరే, అది నిబంధన దాటినదే. వద్దనేయండి.

ఇందులో ఒక సంగతి మన సంఘాలకి బాగా అర్థమవుతుంది. ఒక సభ్యురాలు అలా నొక్కితే ఆమె ఒక్కదాని వివరాలే పోవు. ఆమె ఫోనులో ఉన్న మనందరి నంబర్లూ పోతాయి. సంఘంలో ఒకరి అప్పుకి పదిమందిమీ పూచీ పడతాం. వివరాలకి కూడా అలాగే పూచీ పడాలి. అవసరానికి డబ్బు కావలసిన చెల్లెలు సంఘానికి చెప్పుకోలేక యాప్ దగ్గరికి వెళ్లిందంటే, ఆ మాట చెప్పుకునే చోటు మన సమావేశంలో ఆమెకి కల్పించాలి. అప్పు సంగతి ఊరంతా చాటుతారన్న భయం ఉన్నచోట ఎవరూ నోరు విప్పరు. సంఘంలో విన్నది సంఘంలోనే ఉండాలి.

చట్టం కూడా మన వైపుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చారు. ఉన్నవాళ్లకే హక్కు, లేనివాళ్లకి కాదు అని అందులో లేదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, ఆ మాట తెలుగులో చదువుకునే వీలు కల్పించాలి. తప్పుంటే దిద్దమని, అవసరం తీరాక తీసేయమని అడగవచ్చు, ఇచ్చిన ఒప్పుదల వెనక్కి తీసుకోవచ్చు. వివరాలకి సరైన కాపలా పెట్టని సంస్థకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

చట్టం అమలయ్యేదాకా కూర్చోకుండా మన ఇల్లు మనం సర్దుకుందాం. అందుకు ఈ తీర్మానాలు మీ ముందు పెడుతున్నాం.

ఒకటి, ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకూడదు. అవసరమైతే వీఓఏకి నేరుగా చూపించాలి. పని అయ్యాక ఫోనులోంచి తీసేయించాలి.

రెండు, జిరాక్సు ఇచ్చేటప్పుడు దేనికోసం ఇస్తున్నామో, ఏ తేదీనో దాని మీద రాసి సంతకం చేయాలి. మిగిలిన జిరాక్సులు పొట్లాలకి పోకుండా చించేయాలి.

మూడు, సంఘం పుస్తకాలు, వీఓఏ ఫోను తాళంలో ఉండాలి. వీఓఏ మారితే పాత ఫోనులోని సభ్యుల వివరాలు తీసేశారని గ్రామ సమాఖ్య మినిట్స్‌లో రాయాలి.

నాలుగు, సర్వే అని ఎవరొచ్చినా ఎవరు పంపారు, దేనికి అని అడిగి, గుర్తింపు కార్డు చూశాకే వివరాలు చెప్పాలి. వేలిముద్ర మాత్రం సర్వేకని ఎవరికీ ఊరికే వేయకూడదు.

ఐదు, డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకి చెప్పాలి. మన తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా పోయిన డబ్బు గురించి మూడు పని దినాల లోపు బ్యాంకుకి చెబితే ఆ నష్టం ఖాతాదారు మీద పడకూడదని 2017లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచుకుంటే పోయేది ఆ రెండు రోజులే.

చివరగా ఒక్క మాట. మోసపోయిన ఆడమనిషిని “నీకు బుద్ధి లేదా” అని ఎవరూ అనకూడదు. ఆ మాటకి భయపడే చాలామంది నోరు మూసుకుంటున్నారు, దొంగ ఇంకో ఊరు పోతున్నాడు. ఆమె పక్కన నలుగురం కూర్చొని ఫోను చేయిద్దాం, స్టేషనుకి తోడు వెళ్దాం. రూపాయి పొదుపు దగ్గర మొదలుపెట్టి బ్యాంకుల చేత నమ్మకమైనవాళ్లమని అనిపించుకున్న సంఘాలు మనవి. ఒకరి గుట్టు ఇంకొకరు కాయడం మనకి కొత్త కాదు.

ఈ ఐదు తీర్మానాలకు ఒప్పుకున్నవారు చేతులెత్తవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాం.