మక్కజొన్న సాళ్ల నడుమ కూరపంట



తొలకరి వానలకు విత్తిన మక్కజొన్న ఇల్లు చేరుటకు సుమారు మూడు, మూడున్నర మాసములు పట్టును. విత్తనము, ఎరువు, కూలి, వీనికై ముందుగానే పైకము వెచ్చింపవలెను. అన్నినాళ్లును రైతు చేతినుండి సొమ్ము పోవుటయే గాని వచ్చుట లేదు. అయితే మక్కజొన్న మొలిచిన పిదప నెల దినములవఱకు సాళ్ల నడుమ నేల బయలుగా నుండును. ఆ బయలును రైతు విడిచినను కలుపు విడువదు. కలుపు పెరుగు చోటనే కూరను పెంచి, గింజకు నష్టము రాకుండ సొమ్ము చేసికొనుట ఎట్లో తెలుపుటయే ఈ యుపన్యాసము.

సంవత్సరములో కొన్ని మాసములే వానలు కురిసి, తక్కిన కాలము పొడిగా నుండు ఉష్ణదేశపు సీమలను సవన్నా సీమలందురు. ఆఫ్రికా ఖండమునందలి నైజీరియా సవన్నాలలో సేద్యగాండ్రు ఒకే పంటను నమ్ముకొనక, మక్కజొన్న, జొన్నలతో అలసంద మొదలగువానిని కలిపి వేయుదురు. తెలంగాణమునందును వర్షములో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు లోపలనే కురియును. వానకాలము చిన్నదైన చోట, కురిసిన తడిని వ్యర్థము చేయక రెండు పంటలకు వినియోగించుట వివేకము. తెలంగాణములో పుంటికూర యని పిలువబడు గోంగూర సైతము ఆఫ్రికానుండి వచ్చినదే.

మొదటి నెలలో మక్కజొన్న మెల్లగా పెరుగును; దాని నీడ స్వల్పము. మోకాలి యెత్తు దాటిన పిమ్మట వేగముగా పెరిగి, నత్రజనిని, తేమను విశేషముగా కోరును. జల్లు వేసి పీచు వెడలు సమయమున తడి చాలకున్నచో కంకిలో గింజ సరిగా కట్టదు. తోటకూరయో, ఎండను, సారమును మిక్కిలి కోరు మొక్క. కావున ఈ రెండింటి పొత్తు నెల దినములదే. గడువు తీరినను కూరను చేనిలో నిలిపిన రైతు నాలుగు కట్టలు అమ్ముకొని గింజను పోగొట్టుకొనును.

విత్తు పద్ధతి యిది. రెండు సాళ్లను అడుగున్నర దూరమున జంటగా వేసి, జంటకును జంటకును నడుమ రెండున్నర అడుగులు విడువవలెను. సాలులో మొక్కకును మొక్కకును 8 అంగుళముల దూరముండవలెను. ఇట్లు వేసినచో ఎకరమునకు ఇంచుమించు 32,000 మొక్కలు పట్టును. సమదూరమున రెండేసి అడుగులకు సాళ్లు వేసినను ఇన్నియే. జంటల నడుమ బయలులో, ఇరువైపుల 9 అంగుళములు విడిచి, నడిమి అడుగు వెడల్పు పట్టెలో బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి తోటకూర చల్లవలెను. విత్తనము మిక్కిలి సన్నము గనుక ఇసుకతో కలిపి చల్లి, పైపైన మట్టి కప్పిన చాలును. లోతుగా పడినచో మొలవదు. చెల్క నేలలలో సారము తక్కువ గనుక ఈ పట్టెలకు ఎరువు తప్పనిసరి.

25 మొదలు 30 దినముల లోపల కూరను వేళ్లతో పెరికివేయవలెను. కోసి మరల చిగురించుటకు విడువరాదు. వెంటనే గుంటక తోలి, మక్కజొన్నకు పైయెరువు వేసి, మొదళ్లకు మట్టి ఎగదోయవలెను. కూర వాడిపోవు సరకు గనుక చేనంతయు చల్లక, ఒకటి రెండు దినములలో పెరికి సంతకు చేర్చగలిగినంత మేరకే వేయుట మేలు.

రెండు విషయములలో మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. మక్కజొన్నలో కలుపు మొలవకుండ చల్లు అట్రజిన్ తోటకూరను సైతము చంపును. కావున కూర వేయు భాగమున దానిని చల్లరాదు. రెండవది, 2018లో భారతదేశమున మొదట కనబడిన కత్తెర పురుగు లేత మక్కజొన్న సుడులను తినివేయును. దానికై పురుగుమందు చల్లవలసివచ్చినచో ముందుగా కూరను పెరికివేయవలెను. మందు పడిన కూరను ఇంట వండరాదు, సంతలో అమ్మరాదు. తన బిడ్డలకు పెట్టజాలని కూరను పరుల బిడ్డలకు అమ్ముట రైతు ధర్మము కాదు.

లాభనష్టములను కొలిచియే తెలిసికొనవలెను. చేనిలో కొంత మేర మక్కజొన్నను మాత్రమే వేసి, దాని దిగుబడిని కూర వేసిన భాగపు దిగుబడితో పోల్చవలెను. వట్టి మక్కజొన్న 20 బస్తాలిచ్చు మేరలో, కూర వేసినందున 18 బస్తాలు వచ్చెననుకొందురు గాక. తగ్గిన రెండు బస్తాల వెలయు, కూరకైన కూలియు పోగా కూర సొమ్ములో మిగులున్నచో పొత్తు మంచిది. లేనిచో మరుసటి యేడు పట్టెలు తగ్గింపవలెను. మొదటి యేడు కొద్ది గుంటలలో పరీక్షించి, ఫలితము కన్నులార చూచిన పిదపనే విస్తరించుట బుద్ధిమంతుడగు రైతు లక్షణము.